పాత తోరం

ఆశ్వయుజం వెళ్లి కార్తీకం వచ్చేసరికి మా వీధి తలుపు సరిగ్గా పడదు. పోయినేడు బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు నాలుగు రోజులు నీళ్లలో నానిన తలుపు అది. ఎండాకాలమంతా బాగానే ఉంది. నాలుగు వానలు పడి గాలిలో చెమ్మ చేరగానే ఉబ్బింది. ఇప్పుడు భుజంతో నెడితేగాని పడదు, రెండు చేతులా లాగితేగాని రాదు. వడ్రంగి వచ్చి చూసి, "ఇప్పుడు చిత్రిక పడితే ఎండాకాలానికి సందొస్తుందండీ. కార్తీకం పోనివ్వండి" అన్నాడు. కార్తీకం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూడటం మా ఇంట్లో ఎన్నడూ లేదు.

దేవుడి గూడున్న గోడ కూడా అంతే. వేసిన రంగు పొక్కి, పొరలు పొరలుగా ఊడి, దీపం చుట్టూ రాలుతుంది. నా భార్య జానకి రోజూ పొద్దున్నే అక్కడ తుడిచి ముగ్గు వేస్తుంది. సాయంత్రానికి ముగ్గు మీద సున్నం పొట్టు. "ఏది ముగ్గో ఏది సున్నమో దేవుడే తేల్చుకోవాలి" అంటుంది మా అమ్మాయి సాయిశ్రీ. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాళ్లమ్మ నవ్వుతుందేమోనని అంటుంది. జానకి నవ్వదు. కోప్పడదు కూడా.

ఇక బట్టలు. వారం రోజులుగా తుఫాను ముసురు. వరండాలో కట్టిన దండెం మీద మూడు రోజుల బట్టలు ఆరకుండా ముక్కవాసన కొడుతున్నాయి. ఆ దండెం ఒకవైపు జారి కిందకి వేలాడుతోంది, మరో మేకుకి కడదామంటే ముడి రాదు. ఆ ముడి వేసింది నేను. వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టులో ముప్ఫై ఏళ్లుగా పార్శిళ్లు కడుతున్నాను. లారీలో ఎన్ని కుదుపులు కుదిపినా ఊడకూడదు కాబట్టి, తాడుని రెండు చుట్లు తిప్పి, కొసని తిరిగి ముడి లోపలికే దోపేసి బిగిస్తాం. కొస కనపడదు. పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చేతికి అలవాటైపోయి ఇంట్లో కూడా చీపురుకట్టైనా, కర్టెన్ తాడైనా అలాగే కడతాను.

"మీ ముడి విప్పాలంటే ఇంకో జన్మ ఎత్తాలి" అనేది జానకి, పెళ్లైన కొత్తలో. "ఈ జన్మకి కత్తెరే గతి."

అప్పట్లో నవ్వుతూ అనేది.

మా ఇంట్లో కేదారేశ్వర నోము ఉంది. కార్తీక పౌర్ణమినాడు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం పూజ చేసి, ఇరవై ఒక్క పోగుల నూలుకి ఇరవై ఒక్క ముళ్లు వేసిన తోరం చేతికి కట్టుకుంటాం. తమలపాకులు ఇరవై ఒకటి, వక్కలు ఇరవై ఒకటి, బూరెలు ఇరవై ఒకటి. మా అమ్మ ఉన్నప్పుడు దీని నియమాలు గట్టిగా ఉండేవి. నోము బూరె గడప దాటకూడదు. ఎంత కావలసినవాళ్లకైనా పెట్టకూడదు, ఇంట్లోవాళ్లే తినాలి. మైల వచ్చో, పురుడు వచ్చో ఒక ఏడు ఆగితే ఫరవాలేదు, వరసగా రెండేళ్లు ఆగితే ఆ ఇంటికి నోము పోయినట్టే. అన్నిటికంటే ముఖ్యమైనది, కిందటేటి తోరం దాచి ఉంచి ఈ ఏటి పూజలో పెట్టాలి. కొత్తది పాతదానికి పుట్టాలి అనేది అమ్మ. ఎలా పుడుతుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ తంతు ఆడవాళ్లది. అంతా సిద్ధమయ్యాక మమ్మల్ని పిలిచేవారు. చెయ్యి చాపితే తోరం కట్టేవారు. బూరె తినేవాళ్లం. యాభై నాలుగేళ్లుగా నాకు తెలిసిన నోము అంతే.

ఆ పాత తోరం పోయినేటి వరదలో పోయింది. పోగొట్టింది నేనే.

మాది కింద వాటా. ఆ ఆదివారం తెల్లవారేసరికి మోకాళ్లదాకా నీళ్లు, కరెంటు లేదు. సాయిశ్రీని పట్టుకుని జానకి మెట్లెక్కింది. సగం మెట్ల మీదనుంచి, "ఏమండీ, అలమరలో డబ్బా. ముందు డబ్బా తీసుకోండి" అంది. మా కొట్టు ఓనరు దీపావళికి ఇచ్చిన బిస్కెట్ డబ్బాలు, ఒకేలాంటి నీలం రంగువి, రెండున్నాయి. రెండూ ఆ అలమరలోనే ఉంటాయి. చీకట్లో చేతికి అందినదాన్ని నెత్తిన పెట్టుకుని, నడుమెత్తు నీళ్లలో మెట్లదాకా వచ్చాను. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో. టీవీ పోయింది, ఫ్రిజ్ పోయింది, నోము మాత్రం దక్కించాననుకున్నాను.

పై వాటాలో తెరేసమ్మగారు ఉంటారు. ఆవిడ, ఆవిడ భర్త శౌరయ్యగారు, ఇద్దరే. నాలుగు రోజులు మమ్మల్ని వాళ్లింట్లో పెట్టుకున్నారు. ఉన్న బియ్యం గంజి కాచి, ముందు మా సాయిశ్రీకి పోసి, తర్వాత మాకు పోసి, చివర్లో వాళ్లు తాగేవారు. ఆ నాలుగు రోజులూ డబ్బా జానకి తల దగ్గరే ఉంది. స్నానం లేదు, మడి లేదు, ఆ ఒంటితో తోరం ముట్టుకోకూడదని మూత తియ్యలేదు. ఐదోరోజు నీళ్లు తీశాక, తెరేసమ్మగారు దాచిన వాననీళ్లతో స్నానం చేసి, తడిబట్టతో కూర్చుని తీసింది.

దారపుండలు. జాకెట్ల హుక్కులు, గుండీలు, సూదుల పొట్లం. కుట్టుసామాన్ల డబ్బా అది.

జానకి డబ్బాని ఒళ్లోకి తీసుకుంది. దారపుండల్ని రంగులవారీగా సర్ది, మూత పెట్టేసింది. రెండో డబ్బా ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. ఆ ఏడు నోము లేదు. ఇంట్లో కూర్చునే చోటే లేదు.

అప్పటినుంచీ దీపం మానలేదు ఆవిడ. పొద్దునా సాయంత్రం వెలిగిస్తుంది. కాని ఇదివరకు వెలిగించాక రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడేది. ఇప్పుడు అగ్గిపుల్ల ఆర్పి వెనక్కి తిరిగేస్తుంది. స్టవ్ వెలిగించినట్టు. ఏడాదిగా నేను చూస్తున్నది అదే. ఎన్నిసార్లో అడుగుదామనుకున్నాను. డబ్బా మార్చి తెచ్చినవాడు ఏమని అడుగుతాడు?

కార్తీకం మొదలైన పదో రోజున, అన్నం పెడుతూ తనే అంది. "చల్లపల్లిలో బావగారింట్లో ఉంటుంది కదండీ. వాళ్లదీ ఈ నోమే. అత్తయ్యగారు ఒక్క నూలే ఇద్దరికీ పంచారు. వాళ్ల పాత తోరం ఒకటి తెచ్చుకుంటే..."

"ఆన్‌లైన్లో ఉన్నాయమ్మా" అంది సాయిశ్రీ ఫోన్ చూస్తూ. "కేదారేశ్వర తోరం, రెండు రోజుల్లో డెలివరీ. నాలుగున్నర స్టార్లు."

"నువ్వు తిను" అంది జానకి. తర్వాత నావైపు తిరిగి, "రెండో ఏడండీ ఇది. ఈసారీ ఆగితే ఇక లేనట్టే" అంది.

గొంతు మామూలుగానే ఉంది. గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం కంచం మీద అలాగే ఆగిపోయింది. నేను "ఆదివారం వెళ్తాను" అనేదాకా ఆ చెయ్యి కదల్లేదు.

*

ఆదివారం చల్లపల్లి బస్సెక్కాను. పామర్రు దాటాక రెండువైపులా వరి. కోతకొచ్చిన చేలు తుఫానుకి పడిపోయి, ఎవరో పరుపు పరిచినట్టు నీళ్లలో పడుకుని ఉన్నాయి. బస్సులో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అందరూ ఒక్కసారి కిటికీలోంచి చూసి, మళ్లీ ఫోన్లలోకి వెళ్లారు.

మా అన్నయ్య వెంకటప్పయ్యకి డెబ్భై రెండు. ఈమధ్య కొన్ని గుర్తుంటున్నాయి, కొన్ని ఉండటం లేదు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏరా విశ్వం, నోముకి పిలవడానికొచ్చావా?" అన్నాడు.

"మీకూ అదే రోజు కదన్నయ్యా. మిమ్మల్నెలా పిలుస్తాను?"

వదిన మాణిక్యమ్మ మంచినీళ్లు తెచ్చి, "మాకెక్కడి నోమయ్యా" అంది. "మానేసి నాలుగేళ్లైంది. నా మోకాళ్లు పీట మీద కూర్చోనివ్వవు. కోడలికి స్కూలు. ఇరవై ఒకటీ ఇరవై ఒకటీ ఎవరు చేస్తారు?"

గ్లాసు నా చేతిలోనే ఉంది. "మరి పాత తోరం?"

"కాలవలో కలిపేశారు మీ అన్నయ్య. నోచుకోనప్పుడు ఇంట్లో ఉంచుకోకూడదన్నారు ఎవరో."

"నేను కలపలేదు" అన్నాడు అన్నయ్య. "ఉంది. పెట్టెలో ఉంది."

"ఏ పెట్టెలో?"

"పెట్టెలో."

"ఆ పెట్టెతో సహా కలిపారు మహానుభావా. నేను గట్టు మీదే నిలబడ్డాను."

"అబద్ధాలాడుతుందిరా ఇది, పెళ్లైనప్పటినుంచీ" అన్నాడు అన్నయ్య నాతో, ఎంతో నమ్మకంగా.

మరొకప్పుడైతే నవ్వేవాణ్ణి. "మాకు ఒక్కమాట చెప్పాల్సింది కదా వదినా" అన్నాను.

వదిన నావైపు చూసింది. వరదలో మాది పోయిన సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని అంది. "నీ దగ్గరుంది కదా అనుకున్నామయ్యా. ఎప్పుడైనా కావాలంటే నీ దగ్గర తెచ్చుకోవచ్చని, ఆ ధైర్యంతోనే కలిపాం."

భోజనం చేసి వెళ్లమన్నారు. చేశాను. ఏం తిన్నానో గుర్తులేదు.

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. కేదారేశ్వరుడు నూలుపోగులో ఉంటాడా? ఉండడని నాకు తెలుసు. ఒక మంచి మనసుతో కొత్త నూలు తీసుకుని, స్వామీ ఇక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాం అంటే కాదంటాడా? అనడనే అనుకుంటాను. మా అమ్మ అత్తగారి అత్తగారెవరో ఏదో ఒక ఏడు కొత్త నూలుతోనే మొదలుపెట్టి ఉంటారు కదా. ఇదంతా జానకికి చెప్పాలనుకున్నాను. ఉయ్యూరు దాకా మాటలు కూర్చుకున్నాను. బెంజి సర్కిల్ వచ్చేసరికి వాటిలో ఒక్కటీ నా నోటికి తగినట్టు లేదు. వేరే ఎవరు చెప్పినా అది ధర్మం. నేను చెబితే, తప్పు చేసినవాడు తప్పించుకోవడానికి చెప్పేది.

జానకి చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. తోరం నా చేతినుంచి తీసుకోవడానికే కడుక్కుంది.

"ఉందా?" అంది.

"వదినకి ఎక్కడ పెట్టిందో గుర్తులేదట. వెతికి రేపు బస్సులో కండక్టర్‌కిచ్చి పంపిస్తానంది" అన్నాను.

ఈ మాట ఎక్కడనుంచి వచ్చిందో నాకు తెలియదు. నోరు తెరిచేదాకా అది నాలో లేదు.

"అంటే ఉందన్నమాట" అంది జానకి. తలుపుకి ఆనుకుని అలాగే గడప మీద కూర్చుండిపోయింది. "ఉందన్నమాట" అంది మళ్లీ, తనలో తను. ఆ సాయంత్రం దీపం పెట్టి, కళ్లు మూసుకుని నిలబడింది. రెండు నిమిషాలు కాదు, ఇంకా ఎక్కువే. ఉసుళ్లు వచ్చి దీపం చుట్టూ, ఆవిడ చేతుల మీదా వాలుతున్నా కదల్లేదు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

*

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ, కొట్టు పక్క సందులోని పూజసామాన్ల దుకాణంలో నూలు ఉండ కొన్నాను. మా కొట్టు వెనక పార్శిల్ గదిలో కూర్చుని ఇరవై ఒక్క పోగులు తీశాను. పసుపు తడిపి పట్టించాను. ముళ్లు వేశాను. ఒక్కో ముడికీ స్వామి పేరు తలుచుకున్నాను. అబద్ధం కడుతూ దేవుణ్ణి తలుచుకోవచ్చో కూడదో నాకు తెలియదు. తోరం కడుతున్నప్పుడు అమ్మ పెదాలు కదిలేవి, అది గుర్తుంది, నా పెదాలూ కదిలాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

"ఏంటి విశ్వం, ఎవరికి అంత చిన్న పార్శిల్?" అన్నాడు ఓనరు, అటు వెళుతూ.

"ఇంటికేనండి" అన్నాను.

ఫ్యాన్ కింద ఆరబెట్టాను. కొత్తగా మెరుస్తోంది. రెండు అగరుబత్తీలు వెలిగించి పొగ పట్టించాను. బట్టల బేళ్ల మీది దుమ్ము వేలితో అద్ది రుద్దాను. ఏడాది రెండేళ్ల పాతదానిలా అయింది. పాత పంచాంగం కాగితంలో మడిచి, చిటికెడు కుంకుమ వేసి జేబులో పెట్టుకున్నాను. ఇంత బాగా చేశానే అని ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

జానకి ఆ పొట్లం రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది. విప్పలేదు. "పౌర్ణమినాడు మడి కట్టుకుని విప్పుతాను" అని, గూట్లో అన్నిటికంటే పైన పెట్టింది. ఎంత వరదొచ్చినా అందనంత పైన.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో మాటలు వినపడ్డాయి. బియ్యం నానబెట్టడం మరిచిపోయినందుకు తనను తనే తిట్టుకుంది. సాయిశ్రీ జుట్టు విరబోసుకు తిరుగుతోందని కేకలేసింది. "నాన్నా, అమ్మ మళ్లీ నన్ను తిడుతోంది" అని సాయిశ్రీ నా దగ్గరకొచ్చి మెల్లగా, పండగ వార్తలా చెప్పింది. దండెం చూసి, "ఈ పార్శిల్ ఎవరికి పంపాలండీ?" అంది జానకి నాతో. పద్నాలుగు నెలల తర్వాత ఆవిడ నన్ను వెక్కిరించింది.

మంగళవారం తెరేసమ్మగారు మెట్లు దిగి వచ్చి గుమ్మం బయటే ఆగారు. "వదినా, రేపు నోమంటగా. వాసనలు పైకే వస్తాయి, బూరెలు మాత్రం రావు. కిటికీలు మూసుకుని ఉపవాసం ఉంటాను నేను కూడా."

"ఏం చెయ్యను వదినా, నియమం" అంది జానకి. నవ్వుతూనే అంది కాని, ఆవిడ వెళ్లాక నా దగ్గరకొచ్చి కూర్చుంది. "ఆవిడ చేతి గంజి నాలుగు రోజులు తాగామండీ. గుణదల వెళ్లినప్పుడల్లా మాత దగ్గర మన సాయిశ్రీ పేరు కూడా చెబుతుందట. ఒక్క బూరె పెట్టలేకపోతున్నాం. ఇదేం నియమం?"

"నియమమంటే అంతే కదా."

"నాకు తెలుసు. ఊరికే అడిగాను."

అడగాల్సిన ప్రశ్న ఆవిడకి తెలియదు.

*

పౌర్ణమినాడు కొట్టుకి సెలవు పెట్టాను. ముసురు విడిచింది కాని ఎండ లేదు. అగ్గిపెట్టె మెత్తబడి పుల్లలు విరిగిపోతున్నాయి. బెల్లం నీరుకారి పూర్ణం జారిపోయింది, జానకి మళ్లీ పొయ్యి మీద పెట్టి దగ్గరగా ఉడికించింది. మధ్యలో గ్యాస్ అయిపోయింది, సిలిండర్ మార్చాను. తమలపాకుల్లో రెండు కుళ్లిపోయి లెక్క తగ్గితే మళ్లీ పరుగెత్తాను. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, ఆవిడ ఇవన్నీ తడిచీరతో చేసింది. విసుక్కోలేదు. ఇన్ని అడ్డంకులు రావడమే శుభమన్నట్టు ఒక్కోటీ దాటింది.

చీకటి పడే వేళకి కలశం పెట్టి, దీపాలు వెలిగించింది. సాయిశ్రీ కథ పుస్తకం చదివింది. బూరెలు ఇరవై ఒకటి కొత్త స్టీలు పళ్లెంలో ఉన్నాయి. ఏటా నేను వరండాలో కూర్చునేవాణ్ణి, ఈసారి అక్కడంతా ఆరని బట్టలే. ఒకటే గది. అందుకని మొదటిసారి ఆ తంతు నేను పక్కనే కూర్చుని చూశాను.

జానకి పొట్లం విప్పింది. కుంకుమ తీసి కలశానికి పెట్టింది. పాత తోరాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని సాయిశ్రీతో అంది. "చూడు. రేపు నువ్వు చెయ్యాలి ఇది. పాత తోరం కొసముడి విప్పాలి. విప్పి, అందులోంచి ఒక్క పోగు తీసి కొత్త తోరంలో కలపాలి. అప్పుడే ఇది దానికి పుట్టినట్టు. నానమ్మ నాకు చూపించింది."

నేను నా చేతులు ఒళ్లోకి లాక్కున్నాను.

ఆవిడ గోటితో కొస కోసం వెతికింది. కొస లేదు. తోరాన్ని తిప్పి రెండో చివర చూసింది. అక్కడా లేదు. పంటితో పట్టబోయి, ఎంగిలి అవుతుందని ఆగింది. వేళ్లు తడిచేసుకుని మళ్లీ ప్రయత్నించింది. ముడి ఇంకా బిగుసుకుంది.

"ఇలా ఇవ్వమ్మా, నా గోళ్లు పెద్దవి" అంది సాయిశ్రీ.

జానకి ఇవ్వలేదు. దీపం దగ్గరకి తోరాన్ని పట్టుకుని చూసింది. మొదటి ముడి. రెండోది. మూడోది. ఎన్నో ముడిదాకా చూసిందో నేను చెప్పలేను. గోడనుంచి ఒక పెచ్చు ఊడి కలశం పక్కన పడింది. ఆవిడ నావైపు తిరుగుతుందని కాచుకుని కూర్చున్నాను. తిరిగితే ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. తిరగలేదు.

తోరాన్ని తిరిగి కాగితంలో పెట్టి, నాలుగు మడతలు పెట్టింది. కొత్త తోరాలు పళ్లెంలో అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. కొబ్బరికాయ కొట్టింది. హారతి వెలిగించింది. సాయిశ్రీకి, నాకు చూపించింది. తను కళ్లకద్దుకోలేదు.

"అమ్మా, తోరాలు?" అంది సాయిశ్రీ.

జానకి లేచింది. బూరెల పళ్లెం తీసుకుని, దాని మీద అరిటాకు ముక్క కప్పింది. కొంగు దోపుకుని తలుపు దగ్గరకి వెళ్లింది. తలుపు రాలేదు. పళ్లెం ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో రెండుసార్లు గట్టిగా లాగింది. వచ్చింది.

"అమ్మా, గడప దాటకూడదు కదా?"

దాటింది. మెట్లెక్కుతున్న అడుగులు వినపడ్డాయి. సాయిశ్రీ నన్ను చూసింది. నేను లేచి మెట్ల కిందదాకా వెళ్లి ఆగిపోయాను. పైన తలుపు తీసిన చప్పుడు.

"అయ్యో వదినా, ఏంటిది? నోము బూరెలా? నేను తినొచ్చా?" తెరేసమ్మగారి గొంతులో ఎంత సంతోషమో.

"నోము బూరెలు కాదు వదినా" అంది జానకి. "ఉత్త బూరెలే. తినండి."

"మరి నోము?"

"మా ఇంట్లో లేదు వదినా ఇప్పుడు."

తర్వాత ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. శౌరయ్యగారు ఏదో అన్నారు, తెరేసమ్మగారు లోపలికి రమ్మంటున్నారు. నేను మెట్ల కింద ఆ చీకట్లో నిలబడి ఉన్నాను. ఏడాదిగా మా గడపలోపల ఏమీ మిగల్లేదని నాకు తెలుసు. ఉన్నట్టు నమ్మినది ఆవిడ ఒక్కతే, అదీ మూడు రోజులు, నా మూలంగా. డబ్బా పోయినప్పుడు పోయింది నూలు. ఇప్పుడు పోయింది నేను కట్టింది. ఈ రెండిట్లో స్వామికి ఏది నేరంగా తోస్తుందో ఆయనే చెప్పాలి.

అరగంటకి జానకి దిగి వచ్చింది. పళ్లెం ఖాళీగా పంపకూడదని తెరేసమ్మగారు నాలుగు జామకాయలు వేసి ఇచ్చారు.

"తిన్నావా?" అన్నాను.

"తిన్నాను. వాళ్లతోపాటే. ఆవిడకి బాగా నచ్చాయి." జామకాయలు బల్ల మీద పెట్టింది. గూట్లో దీపం కొండెక్కడానికి సిద్ధంగా ఉంది. నూనెలో ఉసుళ్ల రెక్కలు తేలుతున్నాయి. ఆవిడ నూనె పొయ్యలేదు. వరండాలోకి వెళ్లి, దండెం మీది బట్టలు ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. ఇంకా తడే.

"ఏమండీ" అంది, నావైపు చూడకుండా. "ఈ తాడు కోసెయ్యండి. పై మేకుకి కట్టాలి."

"నేను కడతానులే."

"వద్దు. కోసి ఇవ్వండి చాలు. నేను కట్టుకుంటాను."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కత్తెర కోసం లోపలికి వెళ్లాను. అలమరలో నీలం డబ్బా దించి మూత తీశాను. దారపుండలు ఆవిడ సర్దినట్టే ఉన్నాయి, ఎరుపు పక్కన ఎరుపు, పచ్చ పక్కన పచ్చ. ఇల్లంతా నానిన ఆ నాలుగు రోజుల్లో, వాటికి ఒక్క చుక్క కూడా తగల్లేదు.